ఎడం చేతి పరీక్ష

ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
సెప్టెంబరు 14

చెల్లె సునందకు,

మీ అక్క పుష్ప రాస్తున్నది. ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని భయపడకు. నేనూ మీ బావా ఇద్దరం బాగున్నాం. కానీ బాపు ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది కదా. నేను హలో అనేసరికి అమ్మ, పక్కింటి వాళ్ళు, బీడీ ఆకు తెచ్చే ఆయన, అందరూ కలిసి "దుబాయ్‌ల ఎండలెట్లున్నయ్ పుష్పా?" అంటారు. ఇది ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా నాది దుబాయే. ఇప్పుడు చెప్పేది నీ ఒక్కదానికే. అందుకే మీ బావ ఉండే కూలీల క్యాంపులోని చిరంజీవి సెలవు మీద వస్తుంటే అతని బ్యాగులో ఈ ఉత్తరం పెట్టాను. పెన్ను పట్టగానే నాకు బడి తెలుగే వస్తుంది, నవ్వకు.

అసలు సంగతి ముందే చెప్పేస్తున్నా, దాచుకోలేకపోతున్నా. నేను డెంటల్ అసిస్టెంట్ కోర్సులో చేరాను!

అదేం పనంటావా? పండ్ల డాక్టరు ఒకరి నోట్లో పని చేస్తుంటే పక్కనే కూచొని సామాను అందించాలి. నోట్లో చేరే నీళ్ళను గొట్టంతో లాగెయ్యాలి. పన్నులో నింపే సిమెంటు కలపాలి. పేషెంటు భయపడితే ధైర్యం చెప్పాలి. డాక్టరుకు మనం ఇంకో రెండు చేతులమన్నమాట.

ఎట్లా జరిగిందో విను. ఐన్ ఖాలిద్‌లో మా క్లినిక్ ఉందని నీకు తెలుసు కదా, రెండేళ్ళుగా అక్కడ నేల తుడుస్తున్నా. పోయిన నెల ఒకరోజు అసిస్టెంటు రాలేదు. డాక్టర్ మెహర్ సుల్తానా మేడమ్ ఒక్కతే చేస్తున్నది, ఏదో పనిముట్టు పేరు గొణుక్కుంటూ, అది దొరక్క డ్రాయర్లన్నీ లాగుతున్నది. నేను మాప్ పట్టుకొని గుమ్మం దగ్గరున్నా. ఉండబట్టలేక, "మేడమ్, రెండో డ్రాయర్ల ఉన్నది, కొన వంకర తిరిగింది" అన్నాను. ఆమె తిరిగి చూసింది. మేడమ్‌ది మన హైదరాబాదే. "అరె, నీకెట్ల మాలూమ్?" అన్నది. "రోజూ కడిగి పెడ్తుంటే చూస్త కద మేడమ్" అన్నాను. ఆ పేషెంటు వెళ్ళాక నన్ను కూచోబెట్టి ఏం చదివానో అడిగింది. ఇంటర్ బైపీసీ అన్నాను. "బైపీసీ పాసై నువ్వు మాప్ పట్టుకున్నవా!" అని నా మీదే కోపం చేసింది.

ఆమే మేనేజరుతో మాట్లాడింది. వారంలో నాలుగు రోజులు, సాయంత్రాలు, అల్ రయ్యాన్‌లో క్లాసులు. జనవరిలో చేతి పనికి పరీక్ష. పాసైతే క్లినిక్‌లో కుర్చీ పక్కన నా సీటు ఖాయం, లైసెన్సు సంగతి ఆ తర్వాత. తప్పితే మళ్ళీ ఒక్క అవకాశం. అదీ తప్పితే బయటి నుంచి వేరే మనిషిని తెచ్చుకుంటారు, నాకు మాప్ ఉండనే ఉంది.

అమ్మకు మాత్రం చెప్పకు. మనింట్లో ఒకరు తాగిన గ్లాసు ఇంకొకరు ముట్టరు. బిడ్డ పొద్దంతా మంది నోట్లో చేతులు పెడుతుందని తెలిస్తే ఆమె అన్నం మానేస్తుంది. పాసయ్యాక నేనే చెబుతా. నాకు కాళ్ళు నేల మీద నిలవడం లేదు సునందా!

నీ అక్క,
పుష్ప


మెట్‌పల్లి
అక్టోబరు 9

అక్కకు,

చిరంజీవన్న నీ ఉత్తరాన్ని సబ్బుల కవర్లో పెట్టి తెచ్చి ఇచ్చాడు. అమ్మ సబ్బులు లెక్కపెట్టుకుంటుంటే నేను ఉత్తరం లంగాలో దోపుకొని డాబా మీదికి ఉరికాను. మూడుసార్లు చదివాను. ఇప్పుడది బీడీల కోసం తెచ్చిన తునికాకు కట్ట కింద ఉంది. అమ్మకు మోకాళ్ళ నొప్పి, అంత కిందికి వంగదు.

డాక్టరమ్మ పక్కన డాక్టరమ్మవైపోయావన్నమాట. ఇక నీతో మాట్లాడాలంటే చీటీ రాయించుకోవాలేమో. నాకు చాలా అనుమానాలున్నాయి, అన్నిటికీ జవాబు రాయి. అక్కడి షేకుల పండ్లు బంగారానివా? నోరు వాసన వస్తే ముక్కు మూసుకోవచ్చా? పన్ను పీకేటప్పుడు వాళ్ళు ఏ భాషలో అరుస్తారు? నీకు రక్తం చూస్తే కళ్ళు తిరిగేవి, కోడిని కోస్తుంటే గోడ చాటుకు పోయేదానివి. ఇప్పుడెట్లా?

చిరంజీవన్నను అమ్మ కూచోబెట్టి మరీ అడిగింది, "మా పుష్ప ఏం పని చేస్తుందిరా ఆడ?" అని. "దవాఖానల పెద్దమ్మా, మంచి పని" అన్నాడు. "దవాఖానల ఊడ్సుడే గదా" అన్నది అమ్మ. నాకు నోటి దాకా వచ్చింది. ఆకు కత్తిరిస్తున్నట్టు తల దించుకున్నాను.

బీడీలు ఎప్పటిలాగే. కార్ఖానాలో అందరికంటే ముందు వెయ్యి చుట్టేది నేనేనని మొన్న సేటు కూడా అన్నాడు. నా దగ్గరా ఒక సంగతుంది కానీ ఇప్పుడు చెప్పను. నీ రెండు పేజీలకు జవాబు రాయడానికి నాకు రెండు పూటలు పట్టింది. నా రాత నీకు తెలిసిందే.

సీటు మాత్రం వదలకు. నువ్వు పాసవ్వాలి.

సునంద


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
నవంబరు 20

బంగారు చెల్లెకు,

నీ అనుమానాలకు జవాబులు. ఒకటి, బంగారు పన్ను ఇప్పటిదాకా ఒక్కటే చూశాను, అది మన కరీంనగర్ మేస్త్రీది. రెండు, మాస్కు ఉంటుంది, ముక్కు మూసుకునే పని లేదు. మూడు, నోట్లో మత్తు సూది పడ్డాక ఎవరైనా ‘ఆ’ అనే అరుస్తారు, ఖతరీ అయినా కామారెడ్డి అయినా. రక్తం సంగతంటావా, మొదటి వారం కళ్ళు తిరిగాయి. రెండో వారం గొట్టం పట్టుకుంటే చూడ్డానికి తీరికే లేకపోయింది.

క్లాసు ఎంత బాగుంటుందో! పదకొండు మందిమి. ఫిలిప్పీన్స్ వాళ్ళు, కేరళ వాళ్ళు, ఒక నేపాలీ అమ్మాయి, తెలుగుదాన్ని నేనొక్కదాన్నే. చెప్పేది మాలతి మిస్, కేరళ ఆమె. చాలా కోపిష్టి, చాలా మంచిది. ఒక్కో పన్నుకు ఒక నంబరు. నోటిని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగంలో ముందు నుంచి వెనక్కి ఎనిమిది పండ్లు లెక్కపెడతారు. ‘నాలుగు ఆరు’ అంటే నాలుగో భాగంలో ఆరోది, కింది కుడి దవడ పన్ను. కుడి అంటే పేషెంటు కుడి, మనది కాదు. బస్సులో ఎవరైనా ఆవలిస్తే చాలు, లోపల నంబర్లు లెక్కపెడుతున్నా. మొన్న ఒకాయన నా చూపు చూసి నోరు మూసేసుకున్నాడు.

మీ బావ తిరుమల్‌కు శుక్రవారమే సెలవు. ఆ రోజు పార్కులో పడుకోబెట్టి నోరు తెరవమంటాను. "పెండ్లాం నోరు తెర్వనియ్యదంటరు, నన్నేమో మూయనిస్తలేదు" అని క్యాంపంతా చెప్పుకుంటున్నాడు.

ఇంకో తమాషా విను. డాక్టరు పేషెంటుకు కుడి పక్కన కూచుంటాడు, మనం ఎడమ పక్కన. మన కుడి చేతిలో ఎప్పుడూ సక్షన్ గొట్టం ఉండాలి, అది పక్కకు జరిగితే నోట్లో నీళ్ళు గొంతులోకి పోతాయి. కాబట్టి పనిముట్లు అందించేదంతా ఎడం చేత్తోనే! డాక్టరు చెయ్యి చాస్తాడు, కళ్ళు నోటి మీదే ఉంటాయి. మన చిటికెన వేలితో పాతది తీసుకొని, అదే చేత్తో కొత్తది ఆయన వేళ్ళ మధ్య పెట్టాలి. పేషెంటు గడ్డం కింద నుంచి, కంటికి కనబడకుండా.

ఎడం చేత్తో ఇవ్వడమంటే మొదట్లో నాకు ఒకటే నవ్వు. అచ్చం నువ్వే గుర్తొచ్చావు. గుర్తుందా, నువ్వు ఎడం చేత్తో రాస్తున్నావని ఆ చేతిని లంగా బొందుకు కట్టేసి బడికి తీసుకుపోయేదాన్ని! ఒంటి చేత్తో పలక పట్టుకోలేక నువ్వు తిప్పలు పడుతుంటే బడంతా పడీ పడీ నవ్వేది. ఆ కథ మాలతి మిస్‌కు చెబితే ఆమె కూడా నవ్వింది.

పరీక్ష జనవరి పదకొండున. నాకస్సలు భయం లేదు.

నీ అక్క,
పుష్ప


మెట్‌పల్లి
డిసెంబరు 12

అక్కకు,

ఉత్తరం అందింది. ఇక్కడ అందరం బాగున్నాం. అమ్మ మోకాళ్ళు కొంచెం నయం. ఈసారి ఆకు బాగా లేదు, సగం చిరుగులే, వెయ్యి బీడీలకు పొద్దు గూకుతున్నది. ఎక్కువ రాయడానికి తీరికలేదు.

బడంతా నవ్వింది, అవును. నాకు గుర్తుంది.

పరీక్ష బాగా చెయ్యి.

సునంద


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
జనవరి 13

సునందా,

నేను తప్పాను.

ఫోనులో అమ్మతో నవ్వుతూనే మాట్లాడాను, నువ్వు వెనక ఉన్నావని తెలుసు. మీ బావకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నంబర్లు తప్పలేదు, సిమెంటు తప్పలేదు, పనిముట్ల పేర్లు ఒక్కటీ తప్పలేదు. తప్పింది ఎడం చెయ్యి.

క్లాసులో బాగానే చేసేదాన్ని. అక్కడ డాక్టరు కుర్చీలో మా ఫిలిప్పీన్స్ పిల్లలే కూచునేవాళ్ళు కదా, వాళ్ళకు ఏ చేత్తో ఇస్తేనేం అనిపించేది. పరీక్ష రోజు ఆ కుర్చీలో బయటి నుంచి వచ్చిన పెద్ద డాక్టరు కూచున్నాడు. డెబ్బై ఏళ్ళుంటాయి, జుట్టంతా తెల్లగా. మన బడి పెద్ద సారు లాంటి మనిషి. పేషెంటుగా మా నేపాలీ అమ్మాయి పడుకుంది. ఆమె నోట్లోకి నీళ్ళు వస్తున్నాయి, నా కుడి చేతిలో గొట్టం ఉంది, అంతా సరిగ్గానే ఉంది. ఆయన నా వైపు చెయ్యి చాచాడు.

చెల్లె, నా ఎడం చెయ్యి లేవలేదు. అంత పెద్దమనిషికి ఎడం చేత్తో ఎట్లా ఇస్తాను? నేను అనుకున్నది కాదు, చెయ్యే అనుకుంది. గొట్టం వదిలేశాను. నోటి అద్దం కుడి చేత్తో తీసి, ఎడం చెయ్యి కుడి మోచేతికి ఆనించి, తల కూడా కొంచెం వంచి, పేరంటంలో తాంబూలం ఇచ్చినట్టు ఆయనకు ఇచ్చాను! అదీ ఆ పిల్ల ముఖం మీద నుంచి. నోట్లో నీళ్ళు నిండి ఆమె పొలమారి లేచి కూచుంది. నీళ్ళు ఆయన కళ్ళద్దాల మీద పడ్డాయి. ఆయన తిట్టలేదు. కళ్ళద్దాలు తుడుచుకొని, "ఇది నిజం పేషెంటయితే?" అన్నాడు. మాలతి మిస్ తల దించుకుంది. అది చూసి నాకు ఏడుపొచ్చింది.

మార్చి ఒకటిన మళ్ళీ పరీక్ష. అదే ఆఖరుది. అదే డాక్టరు వస్తాడట. రోజూ అద్దం ముందు ఎడం చెయ్యి ఊపుతున్నా, అది నా చెయ్యి కానట్టే ఉంటుంది. క్లినిక్‌లో మేడమ్ ఏమీ అనడం లేదు, కానీ మేనేజరు బల్ల మీద వేరేవాళ్ళ కాగితాలు కనబడుతున్నాయి.

నువ్వు ఎడం చేత్తో ఎట్లా చేస్తావు? నాకు నేర్పవా? ఇంకెవరిని అడగాలి? పోయిన ఉత్తరం అంత చిన్నగా ఎందుకు రాశావు, కోపమా?

పుష్ప


మెట్‌పల్లి
ఫిబ్రవరి 2

అక్కకు,

కోపమే.

ఈ ఉత్తరం మూడు రోజులుగా రాస్తున్నా. కుడి చేత్తో రాస్తే ఇంతే. ఒక్కో అక్షరం చెక్కినట్టు రావాలి. నువ్వు నేర్పిన చెయ్యే ఇది.

నాకప్పుడు ఆరేళ్ళు. నీకు పన్నెండు. సారు నీకు చెప్పాడు, అమ్మ నీకు అప్పగించింది, నువ్వు కట్టావు. చిన్నపిల్లవే, నాకు తెలుసు. కానీ ఏడాదంతా కట్టావు అక్కా. నీళ్ళకు పోవాలన్నా నిన్ను బతిమాలేదాన్ని విప్పమని. అది నీకు తమాషా కథ అయింది. దేశం కాని దేశంలో ఎవరికో చెప్పి నవ్వించావు. చదివిన రోజు నాకు అన్నం పోలేదు.

పదిలో నేను ఎందుకు తప్పానో తెలుసా? చదవలేదని ఇంట్లో చెప్పాను. అబద్ధం. సాంఘిక శాస్త్రం పేపరులో నాలుగు పెద్ద ప్రశ్నలు మిగిలిపోయాయి. నాలుగింటికీ జవాబులు వచ్చు. కుడి చెయ్యి కదలలేదు, గంట కొట్టేశారు. పేపరు లాక్కుంటుంటే ఇంకా రాస్తూనే ఉన్నా. లెక్కలూ అంతే. తరువాత బీడీలకు కూచున్నాను. అక్కడ మాత్రం నా ఎడం చేతిని ఎవరూ కట్టలేదు. వెయ్యి బీడీలు అందరికంటే ముందు చుడుతుంటే అమ్మ మురిసిపోయింది. బీడీలకు పనికొచ్చిన చెయ్యి అక్షరాలకు ఎందుకు పనికిరాలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇవన్నీ నీకు చెప్పకూడదని అనుకున్నా. నువ్వు నేర్పమని అడిగావు. ముందు ఏడ్చాను, తరువాత నవ్వొచ్చింది. నువ్వు, నన్ను!

సరే, విను. అద్దం ముందు చెయ్యి ఊపడం దండగ. ఎడం చేతికి ఏమీ నేర్పకు, దానికి అన్నీ వచ్చు. నీ కష్టమంతా కుడి చెయ్యి. అది ఖాళీగా ఉంటే పెత్తనం చేస్తుంది. దానికి వదలరాని పని పెట్టు. గ్లాసు నిండా నీళ్ళు పోసి కుడి చేత్తో పట్టుకో, చుక్క కింద పడకూడదు. అట్లా పట్టుకొని మిగతా పనులన్నీ ఎడం చేత్తో చెయ్యి. తలుపు తియ్యి, కూర కలుపు, దుకాణంలో ఇవ్వు, తీసుకో. మర్యాద తప్పుతుందని భయపడకు, ఎవరేమన్నా అననీ. నేను ఇరవై రెండేళ్ళుగా పడుతున్నా. ముఖ్యంగా పెద్దవాళ్ళకు ఇవ్వు. నీకు సిగ్గు పోవాల్సింది అక్కడే.

ఇంకోటి. నా దగ్గర సంగతుందన్నాను కదా. ఓపెన్ స్కూల్లో పదికి కట్టాను, ఏప్రిల్‌లో పరీక్షలు. ఇంట్లో చెప్పలేదు. అన్నీ వచ్చు, మళ్ళీ చెయ్యి దగ్గరే ఆగుతుందేమోనని భయం. ఎడం చేత్తో పెన్ను పడితే ఇప్పటికీ నువ్వు వెనక నిలబడ్డట్టే ఉంటుంది.

సునంద


ఫరీజ్ అబ్దుల్ అజీజ్, దోహా
మార్చి 3

సునందకు,

ముందు ఇది చదువు. తప్పు చేశాను. చిన్నపిల్లనని తప్పించుకోను, నవ్వినప్పుడు నేను చిన్నపిల్లను కాదు. నీ ఉత్తరం బస్సులో చదివాను, దిగాల్సిన స్టాపు దాటిపోయింది. పక్కన కూచున్న ఆమె కాగితం రుమాలు ఇచ్చింది. మాలతి మిస్ దగ్గరికి పోయి, ఆ కథ తమాషాది కాదని, మా చెల్లె బడి నా వల్లే ఆగిందని చెప్పాను. నీ పేపరులో మిగిలిన నాలుగు ప్రశ్నలు నేను మింగినవే. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు, కానీ అడుగుతున్నా.

ఇప్పుడు రెండోది. పాసయ్యాను!

నువ్వు చెప్పినట్టే చేశాను. నీ ఉత్తరం అందినప్పటి నుంచి మూడు వారాలు నా కుడి చేతిలో గ్లాసు దిగలేదు. కింది బకాలాలో, అదే మన కిరాణా కొట్టులో, ఎడం చేత్తో పైసలిస్తే కేరళ ముసలాయన మూతి ముడిచి, చిల్లర నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టాడు. మూడో రోజు, "చేతికేమైనా దెబ్బ తగిలిందా బిడ్డా?" అని అడిగాడు. పరీక్ష అని చెప్పాక పోటీపడి తనూ ఎడం చేత్తోనే ఇవ్వడం మొదలుపెట్టాడు. మీ బావకు ఎడం చేత్తో పల్లీలు పెడితే, "ఏందే, నేనేమన్న శత్రువునా?" అని లేచి కూచున్నాడు. "నోరు తెరువు, మాట్లాడకు, నాలుగు ఆరు కనబడ్తలేదు" అన్నాను. రెండో శుక్రవారం నుంచి క్యాంపులోని పెద్దవాళ్ళను వరసబెట్టి తెచ్చాడు. జలంధర్ మామకు అరవై దాటాయి, ఆయనకు ఎడం చేత్తో చాయ్ ఇవ్వడం నాకు ఎంత కష్టమైందో! ఇచ్చే ముందు మూడుసార్లు ‘తప్పు మామా’ అన్నాను. "యల్లా, ఇయ్యి బిడ్డా, చల్లారుతుంది" అన్నాడు ఆయన. యల్లా అంటే ఇక్కడ ‘కానియ్యి’ అని.

మొన్ననే పరీక్ష. అదే తెల్లజుట్టు డాక్టరు, అదే కుర్చీ. ఆ నేపాలీ పిల్లే మళ్ళీ పడుకుంది. పోయినసారి పొలమారినా మళ్ళీ నా కోసమే వచ్చింది, ఆమె ధైర్యం చూడు. కుడి చేతిలో గొట్టం. నేను దాన్ని నిండు గ్లాసు అనుకున్నాను. ఆయన చెయ్యి చాచాడు. ఎడం చెయ్యి లేచి అద్దం ఇచ్చింది. తరువాతది. తరువాతది. చిటికెన వేలితో తీసుకోవడం, ఇవ్వడం. పదిహేడు పనిముట్లు. ఆయన నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు సునందా! ఈ పనిలో అదే పెద్ద మెప్పు, డాక్టరు అసిస్టెంటు వైపు చూడాల్సిన అవసరం రాకపోవడం. అయిపోయాక మాస్కు కిందికి లాగి, "పోయినసారి వచ్చింది మీ అక్కా?" అన్నాడు. మాలతి మిస్ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంది. మెహర్ సుల్తానా మేడమ్ సాయంత్రం నాకు నీలం రంగు డ్రెస్సు ఇచ్చింది. జేబు మీద నా పేరు కుట్టి ఉంది. దేవుడా, వేసుకొని అరగంట అద్దం ముందే ఉన్నా! లైసెన్సు పరీక్ష ఇంకా ఉంది, అదీ కొడతా.

ఈ పాసు సగం నీది. కాదు, ఎక్కువే నీది.

ఇక నీ పరీక్ష. నెల పైన ఉంది. ఈ రోజు నుంచే ఎడం చేత్తో రాయి. వంకరగా రానీ, పెద్దగా రానీ, రోజూ పది పేజీలు. వెనక నేను నిలబడ్డట్టు ఉంటుందన్నావు. ఉంటా. ఈసారి ఎవరైనా నీ చెయ్యి పట్టుకోవడానికి వస్తే వాళ్ళను పట్టుకోవడానికి ఉంటా. అమ్మకు నీ సంగతీ నా సంగతీ రెండూ చెప్పెయ్యి. నా పని గురించి తిట్టుకుంటే తిట్టుకోనీ, ఆ తిట్లన్నీ నాకు రాసి పంపు.

నీ అక్క,
పుష్ప


మెట్‌పల్లి
ఏప్రిల్ 28

అక్కా,

రాత గుర్తుపట్టావా? ఇది నాదే, ఎడం చేతిది. అక్షరాలు తాగినవాళ్ళలా ఒరిగిపోతున్నాయి, అరచేతికి సిరా అంటుతోంది, అయినా ఈ ఉత్తరానికి మూడు రోజులు పట్టదు. అరగంటలో అయిపోతుంది!

నీ ఉత్తరం చదివాను. క్షమించానా అంటే, ఏమో, ఇంకా కొంచెం ఉంది. ఒక్కోసారి గుర్తొచ్చి తిట్టుకుంటా. కానీ నీలం డ్రెస్సు ఫోటో బాపు ఫోన్లో రోజూ చూస్తున్నా.

అమ్మకు అన్నీ చెప్పేశాను. నువ్వనుకున్నట్టే, "మంది ఎంగిలి ఎత్తుడా! నా బిడ్డకు గదేం పని!" అని పొద్దంతా గొణిగింది. సాయంత్రం అన్నం పెట్టుకుంటూ మెల్లగా, "ఇగో, నా ఎనక పన్ను కదుల్తున్నది, దాని నంబరెంతనో అడుగు" అన్నది. నా సంగతి కూడా చెప్పాక, నేను రాసుకుంటుంటే దగ్గరికి వచ్చి కూచుంది. నా చెయ్యి చూస్తూ, "ఆ సారు మాట నేను ఇనకపోతే మంచిగుండె" అన్నది. తరువాత నా వంతు బీడీలు కూడా తనే చుట్టింది, పరీక్షలయ్యే దాకా.

మొన్న సాంఘిక శాస్త్రం అయింది. హాల్లో అందరికంటే పెద్దదాన్ని నేనే. పక్క బల్ల పిల్ల నా చేతివైపే చూస్తోంది. చూడనీ అనుకున్నా. తరువాత ఏమీ కనబడలేదు అక్కా, ప్రశ్నలు తప్ప. నదులు రాశాను, పంచవర్ష ప్రణాళికలు రాశాను, భారతదేశ పటం గీశాను. గంట కొట్టడానికి ఇంకా అరగంట ఉంది, పెద్ద ప్రశ్న ఒక్కటే మిగిలింది. రాయడం మొదలుపెడితే రెండు పేరాలకే జవాబుల పుస్తకం నిండిపోయింది.

నాకు టైము కాదు అక్కా, కాగితం చాల్లేదు! లేచి నిలబడి, ఎడం చెయ్యి పైకెత్తి, "సార్, ఇంకో కాగితం ఇయ్యండి" అని గట్టిగా అడిగాను.

సునంద